ఎక్కడ తినాలో చెప్పడం, అడిగి తెలుసుకోవడం: ఊళ్ళోనూ ప్రయాణంలోనూ

హైదరాబాద్‌లో నాలుగేళ్ళు ఉంటే చాలు, చుట్టాల్లో మనకో జీతం లేని ఉద్యోగం వచ్చి పడుతుంది. విజయవాడ నుంచి బావ, డల్లాస్ నుంచి మేనత్త కొడుకు, పెళ్ళి షాపింగ్‌కి కరీంనగర్ నుంచి పిన్నివాళ్ళు, అందరిదీ ఒకటే ఫోన్: "మేం వస్తున్నాం, ఎక్కడ తింటే బాగుంటుంది?" చాలామంది నాలుగు పేర్లు గబగబా చెప్పేసి పెట్టేస్తారు. ఆ వచ్చినవాళ్ళు మధ్యాహ్నం మూడున్నరకి వెళ్ళి, బిర్యానీ గుండిగ (డేగ్) అడుగున మిగిలిన అన్నం తిని, "ఏదో గొప్పగా చెప్పావు గానీ, ఏముంది అందులో" అంటారు. హోటల్ మంచిదే. పేరు మాత్రం చేరింది. ఏం తినాలి, ఎన్నింటికి వెళ్ళాలి, ఎలా అడగాలి అన్నవి చేరలేదు.

తిండి సలహా అంటే నా దృష్టిలో ఫలానా మనిషికి, ఫలానా వంటకం, ఫలానా వేళకి. ఈ మూడూ కుదిరాకే హోటల్ పేరు. చెప్పేటప్పుడు ఇది ఎంత నిజమో, కొత్త ఊళ్ళో అడిగేటప్పుడూ అంతే నిజం. ఒక్కొక్కటీ చూద్దాం.

1. ముందు మీరే ప్రశ్నలు అడగండి

"ఎక్కడ తినాలి" అని అడిగినవాళ్ళకి వెంటనే జవాబు చెప్పకండి. మొదటి ప్రశ్న: ఏ రోజు వస్తున్నారు? మనవాళ్ళలో శనివారం ముక్క ముట్టనివాళ్ళు, సోమవారం ముట్టనివాళ్ళు, సాయిబాబా భక్తులై గురువారం మానేసినవాళ్ళు ఒకే కారులో ఉంటారు. కార్తీక మాసమైతే సగం ఇళ్ళలో నెలంతా నాన్‌వెజ్ ఉండదు, కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. వాళ్ళకి బిర్యానీ హోటల్ పేరు చెప్పి "వెజ్ కూడా ఉంటుందిలే" అనకండి. గరిటె, గిన్నె వేరుగా ఉంటేగానీ తినని పెద్దవాళ్ళు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. అలాగే ముస్లిం స్నేహితులు వస్తుంటే హలాల్ సంగతి వాళ్ళు అడిగేదాకా ఆగకుండా మీరే కనుక్కుని చెప్పండి. పాతబస్తీలో ఆ టెన్షన్ ఉండదు, కొత్త ఊళ్ళో మాత్రం ఉంటుంది.

రెండో ప్రశ్న: ఎక్కడ దిగారు? కూకట్‌పల్లిలో దిగినవాళ్ళని ఇరానీ చాయ్ కోసం సాయంత్రం ఆరింటికి చార్మినార్ పంపితే, వాళ్ళు రెండు గంటలు ట్రాఫిక్ చూసి, పది నిమిషాలు చాయ్ తాగి, మళ్ళీ రెండు గంటలు ట్రాఫిక్ చూస్తారు. చార్మినార్ ఎలాగూ చూసే రోజున ఆ చాయ్ కలపాలి. చూడబోయే చోటు చుట్టూ తిండి అమర్చాలి గానీ, తిండి కోసం ఊరంతా తిప్పకూడదు.

మూడోది మోకాళ్ళ సంగతి. నవ్వకండి. మేడ మీద ఏసీ, కింద జనరల్ అన్న హోటల్లో మెట్లెక్కలేని పెద్దమ్మ పరిస్థితి ఏమిటో ముందే ఆలోచించాలి. పార్కింగ్ ఉందా, బాత్రూమ్ శుభ్రంగా ఉంటుందా, చంటిపిల్లకి పెరుగన్నం దొరుకుతుందా, ఇవన్నీ రుచి కన్నా ముందు వస్తాయి. కారం ఎంత తట్టుకుంటారన్నది మొహమాటపడకుండా అడగండి. పదిహేనేళ్ళుగా అమెరికాలో ఉన్న మన గుంటూరు వాడికి కూడా ఇప్పుడు గుంటూరు కారం పడకపోవచ్చు.

అన్నట్టు, అమెరికా నుంచి దిగినవాళ్ళకి మొదటి రెండు రోజులూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంది. ఇంట్లో అందరినీ లేపకుండా వాళ్ళని బయటికి తీసుకెళ్ళడానికి మొజంజాహీ మార్కెట్ దగ్గరి రామ్ కీ బండి ఉంది. ఆ చీకట్లో పెనం మీద వెన్న కరుగుతుంటే రోడ్డు మీద నిలబడి తినే దోశకి జెట్‌లాగ్‌ని మించిన ముహూర్తం లేదు.

2. వంటకం నుంచి మొదలుపెట్టండి, వేళ తప్పకుండా చెప్పండి

ప్రతి హోటల్లోనూ ఒకటో రెండో గొప్పగా ఉంటాయి, మిగతావి మెనూ నింపడానికి ఉంటాయి. అందుకని "అక్కడ అన్నీ బాగుంటాయి" అన్న మాటకి విలువ లేదు. "అక్కడ ఇది తిను, అది మాత్రం వద్దు" అంటే విలువ.

బిర్యానీనే తీసుకోండి. హైదరాబాదీ కచ్చీ దమ్ బిర్యానీలో పచ్చి మాంసం మసాలా పట్టించి అడుగున పరుస్తారు, సగం ఉడికిన బియ్యం పైన వేసి మూత బిగించి దమ్ పెడతారు. డేగ్ తెరిచాక పైన తెల్లన్నం, మధ్యలో కుంకుమ రంగు, అడుగున మసాలా, ముక్క ఉంటాయి. వడ్డించేవాడు పళ్ళెం అంచుతో పైనుంచి కిందికి నిలువుగా తీస్తే మూడూ కలిసి వస్తాయి. తొందరలో పైపైన తీస్తే మనకి పొడి అన్నం, ఆ తర్వాత వచ్చినవాడికి ఉప్పు మసాలా ముద్ద. కాబట్టి చెప్పాల్సినవి రెండు: పన్నెండున్నర, ఒంటిగంట మధ్య, డేగ్‌లు వరసగా తెరిచే వేళకి వెళ్ళమనండి, ఆర్డరు ఇచ్చేటప్పుడే "కొంచెం మసాలా ఎక్కువ వేయండి భాయ్" అనమనండి. అడిగితే వేస్తారు, అడగనివాడికి ఎందుకు వేస్తారు? మొదటిసారి వచ్చినవాళ్ళకి నేను మటనే చెబుతాను. చికెన్ బిర్యానీ ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది.

పాతబస్తీ పొద్దున వేరే లోకం. నయాపుల్ దగ్గర నయాబ్ హోటల్లో నహారీ (నిదానంగా ఉడికించిన మాంసం పులుసు), పాయా (మేక కాళ్ళ పులుసు) పొద్దున్నే తినాలి. ఆలస్యంగా వెళ్ళి అడిగితే అయిపోయిందంటారు. గుల్జార్ హౌజ్ దగ్గర గోవింద్ బండి మీద వెన్న, పొడి దట్టించిన తవా ఇడ్లీ. పురానీ హవేలీ దగ్గర మున్షీ నాన్, 1851 నుంచి ఉందని చెబుతారు, నలుచదరం నాన్‌లు నేరుగా భట్టీ నుంచి తీసి ఇస్తారు. వాటిని అక్కడే కొని దగ్గర్లో నహారీతో తినడం తెలిసినవాళ్ళ పద్ధతి. చార్మినార్ పక్కన నిమ్రాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఇది పొద్దున ఏడు లోపు తాగితే ఒక రకం, సాయంత్రం తోపులాటలో తాగితే ఇంకో రకం. రెంటిలో పొద్దుటిదానికే నా ఓటు. అదే ఉస్మానియా బిస్కెట్ ఇంటికి పట్టుకెళ్ళాలంటే నాంపల్లి సుభాన్ బేకరీ దారి చూపించండి.

కాలం కూడా వేళలో భాగమే. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్లో 'ఫేమస్ ఐస్‌క్రీమ్' అన్న కొట్టు దగ్గర చలికాలం మొదట్లో సీతాఫలం, ఎండాకాలంలో మామిడి అడగమనాలి. జూన్ నెలలో సీతాఫలం ఐస్‌క్రీమ్ గురించి ఊరించి ప్రయోజనం లేదు. హలీం సంగతీ అంతే. 2010లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిన హైదరాబాదీ హలీం రంజాన్ నెలలోనే తినాలి. మాంసం, గోధుమ, పప్పులు గంటల తరబడి భట్టీ మీద ఉడికించి, పెద్ద కర్రలతో దంచి చేసే ఆ వంటకి ఆ నెలలో ఉండే మనుషులు, ఆ కట్టెలు, ఆ పోటీ మిగతా పదకొండు నెలల్లో ఉండవు. ఒక మర్యాద కూడా చెప్పి పంపండి: ఉపవాసం లేనివాళ్ళు సరిగ్గా ఇఫ్తార్ సమయానికి, అంటే ఉపవాసం విడిచే వేళకి, కౌంటర్ల దగ్గర గుమిగూడకూడదు. పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టనివాళ్ళ ముందు మన తొందరేమిటి? మగ్రిబ్ (సాయంత్రపు) నమాజు అయ్యాక, ఏడున్నర తర్వాత వెళితే అందరికీ హాయి.

3. మెసేజ్ ఎలా రాయాలి

ఫోన్లో చెప్పింది గాల్లో కలిసిపోతుంది. వాట్సాప్‌లో రాయండి. ఇదిగో, ఇలాంటిది పనికొస్తుంది:

"వదినా, ఆదివారం పొద్దున చార్మినార్, చౌమహల్లా చూస్తారు కదా. పన్నెండున్నరకల్లా షాదాబ్‌కి వచ్చేయండి, మదీనా చౌరస్తా దగ్గర. లొకేషన్ కింద పెట్టాను. ఒంటిగంట దాటితే బయట నిలబడాలి. మటన్ బిర్యానీ చెప్పండి, మీ నలుగురికీ రెండు చాలు, ముందే నాలుగు చెప్పకండి. మావయ్యగారు కారం తినరు కదా, ఆయనకి రోటీ, మసాలా తక్కువున్న చికెన్ ఏదైనా అడగండి. చివర్లో ఖుబానీ కా మీఠా ఒకటి తీసుకుని పంచుకోండి. కారు తేవద్దు, అక్కడ పార్కింగ్ నరకం, ఆటోలో రండి. నేను పోయిన నెలే తిన్నాను, బాగుంది."

ఇందులో ఏముందో చూడండి: వేళ, గుర్తు, వంటకం, ఎంత చెప్పాలి, ఎవరికి ఏది, ఏం చేయకూడదు, చివరిసారి ఎప్పుడు తిన్నది. ఆ చివరి మాట చాలామంది రాయరు. ఏడేళ్ళ కిందట తిన్న రుచిని నిన్న తిన్నట్టు చెబుతారు. వంటమనిషి మారితే, యజమాని కొడుకుల మధ్య వాటాలు తెగితే హోటల్ బోర్డు అదే ఉంటుంది, పులుసు మాత్రం మారిపోతుంది. తిని ఏడాది దాటితే ఆ సంగతి చెప్పి మరీ పంపండి: "అప్పట్లో బాగుండేది, ఇప్పుడెలా ఉందో కనుక్కుని వెళ్ళండి."

ఇంకో మాట. పూటకి ఒకటే చెప్పండి, అది కుదరకపోతే ఇంకొకటి. పన్నెండు పేర్ల జాబితా పంపితే వాళ్ళు కారులో కూర్చుని అరగంట వాదించుకుని, ఆకలికి ఆగలేక ఎదురుగా కనబడ్డ పిజ్జా షాపులో దూరతారు. ఖర్చు కూడా "రీజనబుల్" అని రాయకండి. ఒకరి రీజనబుల్ ఇంకొకరి నెల పాల ఖర్చు. మనిషికి రెండొందలా, ఆరొందలా అన్నది సుమారుగా అంకెలో రాయండి.

4. పేరు ఒకటే, కొట్లు పది

తెలుగు నేల మీద తిండి సలహాకి వచ్చే పెద్ద చిక్కు ఇది. హైదరాబాద్‌లో బావర్చి అన్న పేరు మీద ఎన్ని హోటళ్ళున్నాయో లెక్క తేలదు. అందరూ మెచ్చుకునేది ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌ది, తమకి బ్రాంచీలు లేవని వాళ్ళే బోర్డు పెట్టుకున్నారు. కాకినాడలో కోటయ్య కాజా అన్న బోర్డు చూసిన ప్రతి చోటా బండి ఆపితే సాయంత్రమైపోతుంది. సుబ్బయ్య గారి హోటల్ అసలు కాకినాడది. ఆకు నిండా వరసపెట్టి వడ్డించే ఆ భోజనం ఇప్పుడు హైదరాబాద్‌లోనూ దొరుకుతుంది. అయితే కాకినాడలో తినమని చెబుతున్నారా, కూకట్‌పల్లిలో తినమంటున్నారా అన్నది మీరు స్పష్టంగా చెప్పాలి.

అందుకని పేరుతో పాటు మ్యాప్‌లో పిన్ పంపండి. గూగుల్ మ్యాప్స్‌లో నచ్చిన చోటుని సేవ్ చేసి, ఊరికొక లిస్టుగా పెట్టుకోవచ్చు, ఒక్కోదాని కింద నోట్ రాసుకోవచ్చు, లిస్టు మొత్తం ఒకే లింకుతో పంపొచ్చు. "టిఫిన్", "మీల్స్", "చాయ్, బేకరీ" అని విడివిడి లిస్టులు చేసుకుంటే ఇంకా సుఖం. బండ్లకి మ్యాప్‌లో పిన్ సరిగ్గా ఉండదు. అక్కడ గుర్తే గతి: "గుడి ఎదురు సందులో, పాల బూత్ పక్కన, సాయంత్రం ఐదు తర్వాత."

5. కొత్త ఊళ్ళో అడిగే పద్ధతి

ఇక మనం వెళ్ళిన ఊరు. బస్టాండ్‌లో దిగి ఆటో అన్నని "ఇక్కడ మంచి హోటల్ ఏది?" అని అడిగితే, మన బట్టలు, సూట్‌కేసు చూసి ఏసీ రెస్టారెంట్‌కి తీసుకెళతాడు. అక్కడ పనీర్ బటర్ మసాలా ఉంటుంది. ఆయన తప్పేం లేదు, మీరు అడిగింది 'మంచి హోటల్'. అదే "అన్నా, పొద్దున మీరెక్కడ టిఫిన్ చేస్తారు?" అనండి. ఒక్క క్షణం ఆగి, "మేం తినేదా? అది చిన్న బండి సార్" అంటాడు. మనకి కావాల్సింది ఆ బండే.

అడగాల్సినవాళ్ళలో మొదటి వరస మెడికల్ రెప్‌లది. నెలలో సగం రోజులు బయట తిని, కడుపు పాడైతే పని పాడయ్యే ఉద్యోగం వాళ్ళది. ఏ ఊళ్ళో ఏ మెస్‌లో నూనె మంచిదో వాళ్ళకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. సందు చివర మందుల షాపులో నిలబడితే ఒకరో ఇద్దరో తగులుతారు. తర్వాత బ్యాంకు ఉద్యోగులు. ట్రాన్స్‌ఫర్ మీద వచ్చి, కుటుంబాన్ని వేరే ఊళ్ళో వదిలి, నెలవారీ మెస్‌లో తినేవాళ్ళు ప్రతి బ్రాంచిలో ఉంటారు. కలెక్టరేట్, కోర్టు, జిల్లా ఆస్పత్రి చుట్టుపక్కల సందుల్లో మధ్యాహ్నం భోజనం ఎప్పుడూ నమ్మదగ్గది. అక్కడ రోజూ వచ్చే గిరాకీ ఉంటుంది, ఒక రోజు సాంబారు చెడితే మర్నాడు సగం బల్లలు ఖాళీ.

లాడ్జి రిసెప్షన్‌లో అడగొద్దు, కింద వాచ్‌మన్‌ని అడగండి. "లారీలు ఆగిన చోట తిండి బాగుంటుంది" అన్న మాట సగమే నిజం. లారీలు ఆగేది ముందు చోటు కోసం, నీళ్ళ కోసం, నడుం వాల్చే మంచం కోసం. రోటీ, పప్పు, ఎగ్ కర్రీ వరకు ఫరవాలేదు. పిల్లలతో వెళ్ళేటప్పుడు ఆ సూత్రం పక్కన పెట్టండి. ఇక ప్రైవేటు బస్సులు ఆపే హోటళ్ళ గురించి ఏం చెప్పను? అక్కడ డ్రైవరుకి భోజనం ఉచితం, మనకి చల్లారిన దోశ డబుల్ రేటు. అరటిపళ్ళు కొనుక్కుని బస్సెక్కండి.

ఊరు పేరు చెప్పగానే ఏం అడగాలో తెలిసి ఉంటే సగం పని అయిపోయినట్టే. అనంతపురం, కర్నూలు వైపు పొద్దున ఇడ్లీ వెతక్కండి, ఉగ్గాని బజ్జి అడగండి. నానబెట్టిన బొరుగుల తాలింపు, పక్కన మిరపకాయ బజ్జి, ఎనిమిది లోపు. మధ్యాహ్నానికి రాగి సంగటి, నాటుకోడి పులుసు. నెల్లూరులో మామిడికాయ పడిన చేపల పులుసు. విజయవాడ గాంధీనగర్‌లో బాబాయ్ హోటల్ ఇడ్లీ, పైన వెన్న, కారప్పొడి. అక్కడికి వెళ్ళి పూరీ చెప్పేవాళ్ళని నేను ఏమీ అనను, కానీ అర్థం చేసుకోలేను. రాజమండ్రి ఎండలో రోజ్ మిల్క్. కోనసీమ వెళితే అంబాజీపేట పొట్టిక్కలు: పనసాకులతో కుట్టిన బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు, ఆకు విప్పుతుంటేనే వాసన తగులుతుంది.

తెలంగాణలో నిజామాబాద్ జిల్లా అంకాపూర్ సంగతి ప్రత్యేకం. అక్కడ దేశీకోడి కూరకి నడిచి వెళ్ళి మెనూ అడిగే పద్ధతి పనికిరాదు. బయల్దేరేటప్పుడే ఫోన్ చేసి ఒక కోడి చెప్పాలి, మీరు చేరేసరికి కూర, అన్నం సిద్ధంగా ఉంటాయి. కోడి మొత్తం కొనాలి కాబట్టి ఇద్దరే వెళితే దండగ, నలుగురైదుగురు ఉంటే పండగ. ఇలాంటి చోటు ఎవరికైనా చెప్పేటప్పుడు ఈ ఫోన్ సంగతి మరిచిపోతే వాళ్ళు ఆకలితో వెనక్కి వస్తారు.

ఒక్క వంటకానికి మాత్రం నేను హోటల్ పేరు చెప్పను: పులస. వరద గోదావరిలో ఎర్రనీటికి ఎదురీది వచ్చే చేప, జూలై నుంచి సెప్టెంబరు దాకానే. "పుస్తెలమ్మైనా పులస తినాలి" అని సామెత కట్టుకున్నాం గనక ఏడాది పొడుగునా బోర్డు మీద రాసేవాళ్ళున్నారు. అదే జాతి చేపని సముద్రంలో పడితే విలస అంటారు, ఆ విలసనో, బయటి రాష్ట్రాల నుంచి ఐసులో వచ్చిన చేపనో పులస పేరుతో అమ్మడం మామూలే. నిజమైన చేప ఒక్కోటి వేలల్లో పలుకుతుంది. ఆ పులుసు వండిన పూట కంటే మర్నాటికే రుచి. ఇవన్నీ కుదిరేది యానాం వైపో, ధవళేశ్వరం వైపో తెలిసినవాళ్ళ ఇంట్లోనే. అలాంటి ఇల్లు లేకపోతే ఆ కోరిక వాయిదా వేసుకుని, కొరమేను తినండి.

రాష్ట్రం దాటినా ఇదే పద్ధతి. ఢిల్లీలో అశోకా రోడ్డు ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కి తెలుగువాళ్ళు దారి చెప్పనక్కర్లేదు, అక్కడి వాళ్ళే క్యూలో ముందుంటారు. ముందు కూపన్ తీసుకోవాలి, తర్వాత పిలుపు కోసం ఆగాలి, ఆదివారం బిర్యానీకి జనం ఇంకా ఎక్కువ. ఇది తెలియక నేరుగా బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నవాళ్ళని లేపడం చూడలేం. బెంగళూరులో కన్నడ, తమిళ స్నేహితులని రెసిడెన్సీ రోడ్డు నాగార్జునలాంటి ఆంధ్రా మీల్స్ హోటల్‌కి తీసుకెళితే, మొదటి ముద్ద ఎలా తినాలో మీరే చూపించండి: వేడన్నం, పప్పుపొడి, నెయ్యి. గోంగూర తర్వాత. ఆవకాయ కొసకి. ఆ వరస తప్పితే పాపం, మొదటి ముద్దకే నీళ్ళ గ్లాసు వెతుక్కుంటారు.

6. కళ్ళతో చూడాల్సినవి

అడగడానికి ఎవరూ లేనప్పుడు చూసి తేల్చుకోవాలి. ఒక్క పూటలో జనం ఎంత త్వరగా మారుతున్నారో చూడండి. ఖాళీగా ఉన్నచోట పొద్దుటి చట్నీ సాయంత్రం దాకా బతుకుతుంది. బజ్జీల బండి దగ్గర మూకుడులో నూనె నల్లబడి, నురగ కడుతుంటే ముందుకు సాగిపోండి. చట్నీ గిన్నె మీద మూత, వడ్డించే చెయ్యి డబ్బులు కూడా తీసుకుంటోందా, ఈ రెండూ ఒక్క చూపులో తెలుస్తాయి. హోటళ్ళలో గోడ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్సు ఉంటుంది, 14 అంకెల నంబరుతో. అది రుచికి హామీ కాదు, కనీసం ఎవరో ఒకరు లెక్కలో ఉన్నారని గుర్తు.

ఆన్‌లైన్ రివ్యూల్లో నక్షత్రాలు చూడకండి. 'కొత్తవి ముందు' అని పెట్టి, గత రెండు మూడు నెలలవి చదవండి. "సూపర్ ఫుడ్, నైస్ ఆంబియెన్స్" అన్నది వదిలేయండి, వంటకం పేరు రాసినవాడి మాట నమ్మండి. జనం పెట్టిన ఫొటోల్లో బిల్లు, మెనూ కార్డు దొరుకుతాయి, ధర ముందే తెలిసిపోతుంది. మీరు రాసేటప్పుడు కూడా అదే పని చేయండి: ఏ వంటకం, ఏ నెల, ఏ పూట. బాగోకపోతే ఏది బాగోలేదో రాయండి. 'వరస్ట్' అన్న ఒక్క మాట వల్ల అటు వంటవాడికీ ఉపయోగం లేదు, ఇటు చదివేవాడికీ లేదు.

రైల్లో వెళుతుంటే ఐఆర్‌సీటీసీ ఈ-కేటరింగ్‌లో పీఎన్‌ఆర్ కొట్టి, ముందు వచ్చే స్టేషన్ హోటల్ నుంచి సీటు దగ్గరికే తెప్పించుకోవచ్చు. పెద్ద జంక్షన్‌లో, బండి ఎక్కువసేపు ఆగే చోట పెట్టండి. రెండు నిమిషాల హాల్ట్‌లో పెడితే బిర్యానీ ప్లాట్‌ఫారం మీద, మీరు రైల్లో.

7. అందరికీ చాటే ముందు

చుట్టాలకి చెప్పడం వేరు, వేలమందికి చూపించడం వేరు. 2024 జనవరిలో మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన భోజనం అమ్మే ఒకావిడ వీడియోలు వైరలై, జనం ఎగబడి, ట్రాఫిక్ ఆగిపోయి, పోలీసులు అక్కడ అమ్మొద్దనేదాకా వెళ్ళింది. చివరికి ముఖ్యమంత్రి స్థాయిలో మాట వచ్చి మళ్ళీ తెరిచారు. అందరికీ అంత అదృష్టం పట్టదు. భార్యాభర్తలు ఇద్దరే నడిపే మెస్‌లో నలభై భోజనాలు వండుతారు. నాలుగొందల మంది వస్తే రోజూ తినేవాడికి అన్నం దొరకదు, రుచి పోతుంది, నెల తిరిగేసరికి జనమూ పోతారు. అలాంటి చోటు గురించి బయట పెట్టాలనుకుంటే గల్లా దగ్గర కూర్చున్నాయన్ని ఒక్క మాట అడగండి: "పెట్టొచ్చా బాబాయ్?" వద్దంటే వద్దు. వంటింట్లో ఆడవాళ్ళ మొహాలు వీడియో తీయడం అడగకుండా అసలే చేయకండి. ఫ్రీగా పెట్టించుకుని తిన్నది 'నా సొంత అభిప్రాయం' అంటూ చెప్పడం మీద నాకు గౌరవం లేదు. పెట్టించుకుంటే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పాలి.

8. పార్సిల్, పట్టిక

తిరుగు ప్రయాణానికి ఏం కొనాలో కూడా సలహాలో భాగమే, ఎలా మోయాలో కూడా. రావులపాలెం మీదుగా వెళ్ళేవాళ్ళు ఆత్రేయపురం పక్కకి తిరిగి పూతరేకులు తీసుకోవాలి. 2023లో వాటికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. బోర్లించిన కుండ మీద పిండి బట్ట లాగి తీసిన రేకు అది, సంచిలో అన్నిటికన్నా పైన పెట్టకపోతే ఇంటికి చేరేసరికి పొడి. మచిలీపట్నం నుంచి బందరు లడ్డు, అనకాపల్లి జిల్లా మాడుగుల నుంచి హల్వా ఎంత దూరమైనా నిక్షేపంగా వెళతాయి. తాపేశ్వరం మడత కాజాకి భయం లేదు. కాకినాడ గొట్టం కాజా మాత్రం లోపలంతా పాకం. అట్టపెట్టెలో సూట్‌కేసులో పెడితే పట్టుచీరలకి కూడా కాజా రుచి తగులుతుంది, మూత బిగించే స్టీలు డబ్బా తప్పనిసరి.

వాళ్ళు ఊరు చేరాక ఒక ఫోన్ చేసి అడగండి: ఏది తిన్నారు, ఏది దొరకలేదు, ఎక్కడ మూసేసి ఉంది, రేటెంతయింది. "బాగుందిలే" అంటే వదలకండి, మొహమాటానికి అంటారు. "మళ్ళీ వస్తే అక్కడికే వెళతావా?" అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది. అది మీ లిస్టులో ఆ పేరు కింద తేదీ వేసి రాసుకోండి. వరసగా ఇద్దరు బాగోలేదన్న చోటుని, మీకెంత ఇష్టమైనా, మీరు స్వయంగా వెళ్ళి మళ్ళీ తినేదాకా ఎవరికీ చెప్పకండి.